పసుపు, పురుగుమందు, ఒక ఇరుకు బావి: డాకింగ్ పద్ధతి వెతుకులాట డైరీ

ఏప్రిల్ 4, గుంటూరు

మందు అనే మాటకు మా ఇంట్లో రెండు అర్థాలు. నాయనమ్మ మతిమరుపుకు రాత్రిళ్లు వేసుకునేది ఒక మందు, నాన్న మిరప చేలో కొట్టేది ఒక మందు. (మూడో అర్థం పెళ్లిళ్లకు వచ్చే మేనమామలది, దాన్ని వదిలేద్దాం.) నాయనమ్మది డోనెపెజిల్. నాన్న ఏళ్ల తరబడి కొట్టినవి మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్. అన్నీ చివరకు వెళ్లి పట్టుకునేది ఒకే ఎంజైమును: అసిటైల్‌కోలినెస్టరేజ్. నరం నుంచి కబురు మోసిన అసిటైల్‌కోలిన్‌ను, పని అయిపోగానే ముక్కలు చేయడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగానికి కాస్త అడ్డు తగిలితే జ్ఞాపకానికి ఆసరా. పూర్తిగా కట్టేస్తే నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, ఆవగింజలంత కంటిపాపలు, ఆపైన ఊపిరి ఆగిపోవడం. మిరప, పత్తి పండే పల్లెల్లో పుట్టినవాళ్లకు ఈ రెండో జాబితాను వివరించనక్కర్లేదు.

ఈ రోజు బీఫార్మసీ ఆఖరి సంవత్సరం పిల్లలిద్దరు ఒక కాగితం పట్టుకొచ్చారు. పసుపులోని కుర్కుమిన్‌ను కంప్యూటర్‌లో ఈ ఎంజైములో కూర్చోబెట్టి చూశారట, డాకింగ్ అంటే ఇదే. స్కోరు మైనస్ 10 దగ్గరకు వచ్చింది. (మైనస్ ఎంత పెరిగితే పట్టు అంత గట్టిదని లెక్క.)

"మేడం, మన దుగ్గిరాల పసుపు డోనెపెజిల్‌ను అందుకునేలా ఉంది!" అంది అమ్మాయి.

"ఏ పద్ధతి వాడారు?"

"వైనా అనే ప్రోగ్రాం, మేడం."

"అదే ఎందుకు?"

అబ్బాయి దాచకుండా చెప్పాడు. "వీడియోలో అదే చూపించారు మేడం."

తిట్టడానికి నోరు రాలేదు. నేను పీజీ చేసే రోజుల్లో ల్యాబు కంప్యూటర్‌లో ఏది ఎక్కించి ఉంటే అదే నా పద్ధతి. ప్రాజెక్టును వెనక్కి తిప్పాం. పసుపు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఈ ఎంజైము విషయంలో ఏ డాకింగ్ పద్ధతి మాట నమ్మవచ్చో తేల్చాలి. నాకు తెలిసిన దారి ఒక్కటే: జవాబు మనకు ముందే తెలిసిన లెక్క ఇచ్చి, ఎవరు సరిగ్గా చేస్తారో చూడడం.

ఏప్రిల్ 7

ఈ ఎంజైము ఆకారం మొదట బయటపడింది 1991లో, ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో. నమూనా తీసింది టార్పీడో అనే షాకు కొట్టే చేప నుంచి. చూసినవాళ్లు ఆశ్చర్యపోయారు. ఇంత వేగంగా పనిచేసే ఎంజైముకు పని జరిగే చోటు పైన తెరిచి ఉంటుందనుకుంటాం. తీరా చూస్తే సుమారు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లవ వంతు) లోతున్న ఇరుకు బావి అడుగున ఉంది. బావి గోడల నిండా ట్రిప్టోఫాన్, టైరోసిన్, ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాల వలయాలు. పై ఒర దగ్గర ట్రిప్టోఫాన్-286, అడుగున ట్రిప్టోఫాన్-86, అసలు కత్తెర పని చేసే సెరీన్-203. ఈ అంకెలు గొలుసులో ఆ అమైనో ఆమ్లం ఎన్నోదో చెప్పేవి, మనిషి ఎంజైమువి. పాత వ్యాసాల్లో టార్పీడో అంకెలుంటాయి: 279, 84, 200. ఈ తేడా తెలియక నేను ఒక సాయంత్రమంతా తప్పు అమైనో ఆమ్లం చుట్టూ తిరిగాను.

మేం ఎంచుకున్నది 2012లో వచ్చిన మనిషి ఎంజైము నిర్మాణం, ప్రొటీన్ డేటా బ్యాంకులో దాని గుర్తు 4ఈవై7. లోపల డోనెపెజిల్ కూర్చుని ఉంది. స్పష్టత 2.35 ఆంగ్‌స్ట్రామ్‌లు. అదే బృందం అదే సమయంలో గాలంటమిన్‌తో 4ఈవై6, హూపర్జిన్‌తో 4ఈవై5 కూడా ఇచ్చింది. మూడు మందులు, ఒకే మనిషి ఎంజైము, ఒకే చేతి పని. పరీక్ష పెట్టడానికి ఇంతకన్నా మంచి ప్రశ్నపత్రం దొరకదు.

ఏప్రిల్ 12

తయారీ గురించి ఎవరూ ముచ్చటగా రాయరు. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటి పని. మా గిన్నెలో మాత్రం రాళ్లు చాలానే దొరికాయి.

నిర్మాణంలో ఎంజైము రెండు ప్రతులుంది. ఒకటి చాలు. అంటుకున్న చక్కెరలు తీసేశాం. అసలు చిక్కు మందు దగ్గర వచ్చింది. డోనెపెజిల్ అణువుకు కుడి, ఎడమ చేతుల్లాంటి రెండు రూపాలున్నాయి, పేర్లు ఆర్, ఎస్. మాత్రలో రెండూ కలిసే ఉంటాయి, కానీ క్రిస్టల్‌లో, అంటే స్ఫటికంగా మార్చి తీసిన ఈ నిర్మాణంలో, ఎంజైము పట్టుకున్నది ఆర్ రూపాన్నే. పిల్లల ఫైలులో ఉన్నది ఎస్. అంటే ఇన్నాళ్లూ ఎడమ కాలి చెప్పును కుడి కాలికి తొడిగి, సరిపోయిందని సంబరపడుతున్నారు.

రెండో రాయి, ప్రోటాన్. శరీరంలో డోనెపెజిల్ నైట్రోజన్ మీద ఒక హైడ్రోజన్ ఎక్కువగా ఉండి ధన చార్జి మోస్తుంది. ఆ బావిలో దానికి తగిన స్వాగతం చెప్పేవే చుట్టూ ఉన్న వలయాలు. మేం దించుకున్న ఫైలులో ఆ చార్జి లేదు. ఇక్కడే పద్ధతుల మధ్య మొదటి తేడా కనిపించింది. వైనా మనం ఇచ్చే పాక్షిక చార్జీలను లెక్కలోకే తీసుకోదు. హైడ్రోజన్ బంధాలు, నీటికి దూరం జరిగే గుణం, ఆకారం కుదరడం, వీటితోనే మార్కులు వేస్తుంది. ఆటోడాక్ 4 అనే ఇంకో ప్రోగ్రాం మాత్రం చార్జీలను లెక్కిస్తుంది. కాబట్టి ఫైలు తప్పయితే వైనాకు చీమ కుట్టినట్టయినా ఉండదు, ఆటోడాక్ తల్లడిల్లుతుంది. తప్పును పట్టని పద్ధతి మేలా, తప్పుకు కుదేలయ్యే పద్ధతి మేలా? నాకైతే రెండోదాని మీదే గౌరవం.

ఏప్రిల్ 15

మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ సంగతి మూడేళ్లుగా తెలిసిందే. రాత్రి మళ్లీ మొదలు.

ఏప్రిల్ 19

డోనెపెజిల్‌ను బయటికి తీసి, తిరిగి అదే చోట కూర్చోబెట్టమని వైనాను అడిగాం. క్రిస్టల్‌లోని పరమాణువులకూ, కంప్యూటర్ పెట్టిన చోటుకూ సగటున ఎంత దూరం వచ్చిందో ఆర్‌ఎంఎస్‌డీ చెబుతుంది. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు వస్తే పాసు, అది అందరూ ఒప్పుకున్న గీత. మొదటి ప్రయత్నంలో మందు బావిలో లేదు సరికదా, ఎంజైము వీపు మీద ఎక్కడో ఒక గుంటలో పడుకుంది.

కారణం బాక్సు. ఎక్కడ వెతకాలో చెప్పే ఆ పెట్టెను పిల్లలు ఒక్కో వైపు 60 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టారు. అంటే 2,16,000 ఘన ఆంగ్‌స్ట్రామ్‌లు. వైనా 27,000 దాటగానే హెచ్చరిస్తుంది. ఇది దానికి ఎనిమిది రెట్లు.

"హెచ్చరిక రాలేదా?"

"వచ్చింది మేడం. ఎర్ర అక్షరాల్లో లేదు కదా అని..."

మిర్చి యార్డు మొత్తం తిరిగి ఒక టిక్కీని (మిర్చి బస్తాను) వెతకమని చెప్పి, అందుకు అయిదు నిమిషాలిచ్చినట్టుంది. బాక్సును క్రిస్టల్‌లోని మందు మధ్యబిందువు దగ్గర పెట్టి, చుట్టూ నాలుగైదు ఆంగ్‌స్ట్రామ్‌లు వదిలి కుదించాం. ఎంత గట్టిగా వెతకాలో చెప్పే సంఖ్య మామూలుగా 8 ఉంటుంది, దాన్ని 32 చేశాం. వేరువేరు యాదృచ్ఛిక ఆరంభాలతో అయిదుసార్లు నడిపాం. అయిదుసార్లూ డోనెపెజిల్ తన చోటికే వచ్చింది, 1 ఆంగ్‌స్ట్రామ్‌కు అటూ ఇటూగా.

పిల్లలు మిఠాయి తెస్తామన్నారు. ఆగమన్నాను. తడి మట్టిలో పాదం తీసి, మళ్లీ అదే పాదం అదే గుర్తులో పెట్టడం పెద్ద విద్యేమీ కాదు.

ఏప్రిల్ 27

ఆటోడాక్ 4 వంతు. డాకింగ్ పద్ధతులన్నిటిలో ఉండేవి రెండు పనులు: వెతకడం, మార్కులు వేయడం. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కుంట్జ్ బృందం చేసిన డాక్ అణువులను వంగని చెక్క బొమ్మల్లా చూసింది. ఆటోడాక్ 4 అణువును వంచుతూ, జన్యువుల పద్ధతిలో తరం తర్వాత తరం మంచి భంగిమలను కలుపుతూ పోతుంది. దాని కన్నా ముందు ఒక్కో రకం పరమాణువుకూ బావిలో ఎక్కడ ఎంత హాయిగా ఉంటుందో పటాలు గీసుకుంటుంది.

ఇందులో మాకు బాక్సు మళ్లీ దెబ్బ కొట్టింది. వైనాలో బాక్సు కొలత ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఆటోడాక్‌లో చుక్కల లెక్క, చుక్కకూ చుక్కకూ 0.375 ఆంగ్‌స్ట్రామ్. అబ్బాయి అలవాటుగా 24 అని కొట్టాడు. వచ్చింది 9 ఆంగ్‌స్ట్రామ్‌ల డబ్బా, డోనెపెజిల్ నిలువు కూడా పట్టదు. ఈ మాట చెప్పి నవ్వుతుండగా నా పాత నోట్‌బుక్కులో అదే తప్పు కనబడింది. నవ్వడం మానేశాను.

సరిచేశాక 50 పరుగులు పెట్టాం. వైనా టీ కాచుకునే లోపు ముగించేది. ఇది మధ్యాహ్నం మొదలైతే దీపాలు పెట్టే వేళకు తేలింది. కానీ ఓపిక పట్టినందుకు ఒక లాభముంది. యాభైలో ఎన్ని పరుగులు ఒకే భంగిమకు చేరాయో గుంపులుగా చూపిస్తుంది. పెద్ద గుంపు ఒక్కటే వస్తే ధైర్యం, పది చిన్న గుంపులు వస్తే అనుమానం. డోనెపెజిల్‌కు పెద్ద గుంపు వచ్చింది. కుర్కుమిన్‌కు చెల్లాచెదురు. ఆ మాట పిల్లలకు ఇప్పుడే చెప్పలేదు.

మే 3

అసలు పరీక్ష ఈ వారం జరిగింది. మూడు మందుల్ని మూడు నిర్మాణాల్లోకి పంపాం, మొత్తం తొమ్మిది ప్రయాణాలు. సొంత ఇంట్లో మూడూ కుదురుగా కూర్చున్నాయి. పరాయి ఇంటికి వెళ్లిన ఆరింటిలో సగం తడబడ్డాయి, వైనాలోనూ ఆటోడాక్‌లోనూ. కొన్ని తలకిందులుగా కూర్చున్నాయి, డోనెపెజిల్ ఒకసారి బావి సగంలోనే ఇరుక్కుంది.

దోషం పద్ధతిది కాదనిపిస్తోంది. టార్పీడో ఎంజైములో 330వ చోట ఉన్న ఫినైల్‌అలనిన్, వచ్చిన అతిథిని బట్టి తల తిప్పుతుందని పాత నిర్మాణాల్లో బాగా నమోదైంది. మనిషిలో ఆ చోట టైరోసిన్-337 ఉంది. బావి నడుము దగ్గర, సరిగ్గా ఇరుకైన చోట. మనం డాకింగ్ చేసేటప్పుడు ఎంజైమును రాతిబొమ్మలా బిగించేస్తాం. గడ్డకట్టిన గుమ్మంలోంచి కొత్త చుట్టం ఎలా దూరతాడు?

ఆ టైరోసిన్‌ను కదలనిచ్చి చూశాం, కొంత మెరుగు. ఆశపడి మరో నాలుగింటిని వదిలాం. వెతకాల్సిన చోటు ఉబ్బిపోయి, ఒక్కో పరుగుకు ఒక్కో జవాబు రావడం మొదలైంది. దానికన్నా మూడు నిర్మాణాల్లోనూ డాకింగ్ చేసి, దేనిలో బాగా కుదిరితే అది తీసుకోవడం చవక, నిలకడ. అలాగే చేద్దామని నిర్ణయం.

మే 9

నీళ్లు. ప్రతి వీడియోలోనూ మొదటి అడుగు ఇదే: నీటి అణువులు తీసేయండి. ఎందుకు తీసేయాలో ఎవరూ చెప్పరు.

1999లో టార్పీడో ఎంజైములో డోనెపెజిల్ ఆకారం తేలినప్పుడు (గుర్తు 1ఈవీఈ) తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ మందు బావి అడుగున ఉన్న కత్తెరను నేరుగా తాకదు. మధ్యలో నీటి అణువులు చేతులు కలిపి నిలబడి ఉంటాయి. అంటే ఇక్కడ నీరు చెత్త కాదు, మధ్యవర్తి. ఊడ్చిపారేస్తే ఆ చోటు ఖాళీగా కనిపించి, కంప్యూటర్ అక్కడికి మందును తోస్తుంది.

సరే అని 4ఈవై7లో బావి అడుగున ఉన్న నాలుగు నీటి అణువులు ఉంచాం. డోనెపెజిల్ ఇంకా చక్కగా కూర్చుంది. గాలంటమిన్ మాత్రం బయటికి తన్నేసినట్టయింది. ఆలోచిస్తే సబబే. గాలంటమిన్ సెరీన్ దగ్గరకు దిగి కూర్చునే మందు. డోనెపెజిల్ వదిలేసిన చోట నిలిచిన నీళ్లు, గాలంటమిన్ కూర్చోవాల్సిన పీట మీదే ఉన్నాయి. ఒకరికి మధ్యవర్తి, ఇంకొకరికి అడ్డం.

గోల్డ్ అనే ప్రోగ్రాంలో ఒక్కో నీటి అణువునూ ఉంచాలా తీసేయాలా అని అదే తేల్చుకునే వీలుంది. గ్లైడ్ గురించి కూడా మంచి మాటలే వింటాం. రెండింటికీ లైసెన్సు కావాలి. నా జీతం వైపు ఒకసారి చూసి ముందుకు సాగాను. మేం చేసింది చేతిపని: ప్రతి నిర్మాణాన్నీ నీళ్లతో ఒకసారి, నీళ్లు లేకుండా ఒకసారి.

మే 17, విజయవాడ

జినైనా అనే కొత్త పద్ధతికి గ్రాఫిక్స్ కార్డు ఉంటే పని చురుగ్గా సాగుతుంది. అబ్బాయి పెదనాన్న కొడుకు బెంజ్ సర్కిల్ దగ్గర ఉంటాడు, గేముల కోసం కొన్న గట్టి కంప్యూటర్ ఉంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని ముగ్గురం బస్సెక్కాం. వారధి మీదికి వచ్చేసరికే బస్సు కమ్మీలు కాలిపోతున్నాయి. వాళ్ల పెద్దమ్మ పోసిన మజ్జిగ లేకపోతే ఈ రోజు రాయడానికేమీ ఉండేది కాదు. లైనక్స్ ఎక్కించడానికే పూట గడిచింది.

జినైనా వెతికే తీరు వైనా వంశానిదే. మార్కులు వేసేటప్పుడు మాత్రం వేల క్రిస్టల్ నిర్మాణాలు చూసి నేర్చుకున్న నాడీజాలాన్ని (న్యూరల్ నెట్‌వర్క్‌ను) వాడుతుంది. "ఈ భంగిమ నిజానికి దగ్గరగా ఉందనడానికి నమ్మకమెంత" అన్న అంకె విడిగా ఇస్తుంది. పరాయి ఇంటి ప్రయాణాల్లో వైనా రెండో మూడో స్థానంలో పెట్టిన సరైన భంగిమను రెండుసార్లు ఇది పైకి తెచ్చింది. అంటే వైనా సరైన జవాబు కనుక్కుంది, కానీ గుర్తుపట్టలేదు. ఈ తేడా పట్టుకోవడమే ఈ నెల మొత్తానికి నాకు దక్కిన లాభం. వెతకడంలో తప్పితే బాక్సూ ఓపికా పెంచాలి, మార్కులలో తప్పితే పరీక్షకుడిని మార్చాలి. ఇన్నాళ్లూ రెండింటికీ ఒకటే మందు వేస్తున్నాం.

డిఫ్‌డాక్ కూడా నడిపాం. 2022లో వచ్చింది, బాక్సే అడగదు. డోనెపెజిల్‌ను ఠక్కున సరైన చోట పెట్టేసింది. అమ్మాయి కళ్లు మెరిశాయి. కానీ అది 2019కి ముందున్న నిర్మాణాలు చూసి చదువుకుంది. 2012 నాటి మా ప్రశ్నను ఇంట్లోనే చూసి వచ్చి ఉండవచ్చు. లీకైన పేపర్‌లో నూటికి నూరు తెచ్చుకున్నవాడిని ఎంత మెచ్చుకోవాలి? ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పోజ్‌బస్టర్స్ అనే తనిఖీ ఇలాంటి పద్ధతులు పరమాణువులను ఒకదానిలో ఒకటి గుచ్చేయడం, కుడిచేతి అణువును ఎడమచేతిది చేయడం బయటపెట్టింది. మేమూ అదే తనిఖీ పెట్టాం. కుర్కుమిన్ భంగిమల్లో కొన్ని ఎంజైము గోడలోకి దూసుకుపోయి ఉన్నాయి.

మే 24

మార్కుల పంచాయితీ. వైనా స్కోర్ల ప్రకారం కుర్కుమిన్ హూపర్జిన్‌ను ఓడించింది. పిల్లలు నా ముఖం వైపు చూశారు. పరీక్షనాళికలో హూపర్జిన్ నానోమోలార్ స్థాయిలోనే, అంటే చాలా పలచగా ఉన్నా, ఈ ఎంజైమును ఆపుతుంది. కుర్కుమిన్‌కు ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు కావాలి. మరి స్కోరు ఎందుకు తిరగబడింది? హూపర్జిన్ అణుభారం 242, కుర్కుమిన్‌ది 368. పెద్ద అణువుకు తాకడానికి ఎక్కువ చోట్లుంటాయి, ప్రతి తాకిడికీ మార్కు. సంతలో తూకం వేసి పుచ్చకాయ నిమ్మకాయ కన్నా పుల్లన అని తేల్చినట్టుంది.

వైనాను తయారుచేసినవాళ్లే తమ వ్యాసంలో రాశారు: శక్తి అంచనాలో ప్రామాణిక దోషం మోల్‌కు 2.85 కిలోకేలరీలు, స్కోరు కొలతా ఇదే. గది ఉష్ణోగ్రత దగ్గర 1.36 కిలోకేలరీల తేడా అంటే బంధం బలంలో పది రెట్ల తేడా. అంటే ఆ దోషం వంద రెట్లను మింగేస్తుంది. మైనస్ 9.8కీ మైనస్ 10.3కీ మధ్య తేడా చూసి ప్రాజెక్టు రిపోర్టుల్లో పేరాలు పేరాలు రాస్తున్నాం మనం.

డ్యూడ్-ఈ అనే ఉచిత సేకరణలో 102 ప్రొటీన్లకు నిజంగా అతుక్కునే అసలైన అణువులు, వాటిలాగే కనిపించే డమ్మీలు ఉన్నాయి. మన ఎంజైమూ ఉంది. అందులోంచి కొన్ని తీసి కలిపి వడపోశాం. పైభాగంలో అసలైనవి ఎక్కువే చేరాయి, కానీ నాలుగు వలయాల డమ్మీలు కూడా తోసుకుని వచ్చాయి. జల్లెడగా పనికొస్తుంది. త్రాసుగా పనికిరాదు.

మే 30

అమ్మాయికి ఒక సందేహం. "మేడం, క్లోర్‌పైరిఫాస్‌ను పెట్టి చూద్దామా? అంత విషం కదా, స్కోరు అదిరిపోవాలి."

పెట్టాం. స్కోరు చాలా మామూలుగా వచ్చింది, కుర్కుమిన్ కన్నా బలహీనంగా. డాకింగ్ కంటికి పురుగుమందు అమాయకురాలు. పిల్ల నిరాశపడింది గానీ, నాకు ఈ నెలలో ఇదే మంచి ప్రశ్న అనిపించింది. రెండు కారణాలు. మొదటిది, మేం పెట్టిన అణువు అసలు దోషే కాదు. క్లోర్‌పైరిఫాస్‌లో ఫాస్ఫరస్‌కు గంధకం అంటుకుని ఉంటుంది. కాలేయంలో ఎంజైములు దాన్ని తీసి ఆక్సిజన్ పెట్టాకే ఆక్సాన్ అనే అసలు విషం తయారవుతుంది. మోనోక్రోటోఫాస్‌లో ఆ ఆక్సిజన్ ముందే ఉంటుంది, దానికి ఈ మార్పు అక్కర్లేదు. రెండోది ఇంకా ముఖ్యం. డోనెపెజిల్ వచ్చి కూర్చుంటుంది, లేచిపోతుంది. ఆక్సాన్ సెరీన్-203కు రసాయన బంధంతో అతుక్కుంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ అతుకు ముదిరిపోయి, విరుగుడుగా ఇచ్చే ప్రాలిడాక్సిమ్ కూడా విడదీయలేని స్థితి వస్తుంది. అందుకే ఆస్పత్రికి ఎంత తొందరగా చేరితే అంత మంచిది. మామూలు డాకింగ్‌కు బంధం పుట్టడమనే ఊహే లేదు. అందుకు సమయోజనీయ డాకింగ్ పద్ధతులు విడిగా ఉన్నాయి, అవి కూడా అతుక్కున్నాక ఎలా కూర్చుంటుందో చూపుతాయి గానీ ఎంత వేగంగా అతుక్కుంటుందో చెప్పవు.

రాత్రి నాన్నకు ఫోను చేసి ఇదంతా చెప్పాను. చివరిదాకా విని, "అయితే ఆ కంప్యూటర్‌ను మన చేలో ఒక పూట మందు కొట్టమనమ్మా, తెలుస్తుంది" అన్నారు.

జూన్ 6

తేల్చుకున్నది రాసి పెట్టుకుంటున్నాను, వచ్చే ఏడాది పిల్లలకు చూపించడానికి. వెతకడానికి వైనా: మూడు నిర్మాణాలు, నీళ్లతోనూ లేకుండానూ, కుదించిన బాక్సు, అయిదు ఆరంభాలు. భంగిమ ఎంచడానికి జినైనా. రెండూ గొడవపడిన చోట ఆటోడాక్ 4 గుంపులు చూడాలి. పోజ్‌బస్టర్స్ తనిఖీ దాటనిదాన్ని బొమ్మ గీయడానికి కూడా వాడకూడదు. స్కోరుతో ఎవరు గొప్పో చెప్పకూడదు. ఇది ఈ బావికి కుదిరిన ఏర్పాటు. చదునైన గుంట ఉన్న ఇంకో ఎంజైము దొరికితే మళ్లీ మొదటి నుంచి.

ఈ ఏర్పాటులో కుర్కుమిన్ పరిస్థితి? పై ఒర దగ్గర ట్రిప్టోఫాన్-286ను పట్టుకుని వేలాడే భంగిమ ఒక్కటి కొంత నిలకడగా వచ్చింది. "మందు దొరికింది" అన్న వాక్యం రిపోర్టులోంచి పోయింది. అమ్మాయే కొట్టేసింది.

ఇక నాళికలో చూడాలి. 1961 నాటి ఎల్‌మన్ పద్ధతి: ఎంజైము పనిచేస్తే ద్రవం పసుపు పచ్చగా మారుతుంది, ఆ రంగును 412 నానోమీటర్ల దగ్గర కొలుస్తాం. ఎంజైము ఆగితే రంగు తగ్గుతుంది. అబ్బాయి పద్ధతి చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

"మేడం, మనం పోసేదే పసుపు కదా?"

కుర్కుమిన్ సొంతంగా కాంతిని ఎక్కువగా పీల్చేది 425 దగ్గర. సరిగ్గా మేం కొలవబోయే చోటు పక్కనే. ఎంజైము లేకుండా కుర్కుమిన్ ఒక్కటే పోసిన నాళికలు ప్రతి మోతాదుకూ విడిగా పెట్టి, ఆ రంగును తీసివేయాలి. తెప్పించాల్సిన సామాను జాబితాలో నాళికల సంఖ్యను రెట్టింపు చేశాం.